ఆముదం పట్టిన బూట్లు

జగిత్యాల,
ఆదివారం మధ్యాహ్నం.

తల్లి తర్వాత తల్లివైన రూతక్కకు, నీ తమ్ముడు దేవదానం రెండు చేతులు జోడించి వందనాలు చెప్పి వ్రాసుకుంటున్న సంగతులు. ఇక్కడ నేను ఆరోగ్యంగానే ఉన్నాను. నీవు, బావ, నా మేనల్లుడు ప్రకాశం దేవుని దయ వలన బాగున్నారని నమ్ముతున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? పొద్దెక్కిన తర్వాత రాళ్లు మోసే పనికి పోవద్దని బావకు నా మాటగా చెప్పు. నా గురించి మాత్రం బెంగ పెట్టుకోకండి. నేను బాగున్నాను.

నీ ఉత్తరం అందింది. సిరిసిల్లలో డబ్బాలో వేసినది ఇక్కడికి చేరడానికి చాలా రోజులు పట్టింది. బస్సులు ఒక రోజు ఉంటే ఇంకొక రోజు ఉండడం లేదు. నీవు చెబుతుంటే ప్రకాశం ఒక్క మాట కూడా మార్చకుండా వ్రాసినట్లున్నాడు. “గా ఊర్ల గొడవలైతున్నయట. ఒక్కనివి ఏం తింటున్నవో, ఎట్ల పంటున్నవో. దుకాణం ఎత్తేసి ఇంటికి రా తమ్మీ. గీడ మాతోని ఇంత గంజి తాగుదువు.” చదువుతుంటే నీ గొంతే వినిపించింది. ఉత్తరాన్ని మడిచి పెట్టి, మళ్లీ విప్పి చదివాను.

దీనికి రెండు మాటల్లో జవాబు వ్రాయవచ్చు. కానీ అలా వ్రాస్తే నీకు కోపం వస్తుంది, నాకు తృప్తి ఉండదు. అందుకని ఈ మధ్య జరిగినదంతా మొదటి నుంచి చెబుతాను. అంతకు ముందు ఒక చిన్న కోరిక. నీవు ఇంట్లో వండిన ఆముదం ఒక సీసాడు పంపు. దుకాణంలో కొన్నది వద్దు. ఎందుకో చివరికి నీకే తెలుస్తుంది. వీలైతే నీ పాత సిరిసిల్ల నూలు చీర ముక్క ఒకటి కూడా పెట్టు. ఉతికి ఉతికి మెత్తబడిన ఆ బట్ట దొరికితే తోలు మీద గీత పడకుండా తుడవవచ్చు. ఇక్కడ అలాంటిది దొరకడం లేదు.

ఎండలు బాగా ముదిరాయి. పాత బస్‌స్టాండు గోడ పక్కన నా రేకుల కొట్టు నీకు తెలుసు కదా. మధ్యాహ్నానికి దాని లోపల పాలిష్ డబ్బా మూత తీస్తే మైనం నీళ్లలా కదులుతుంది. అప్పుడు పని చేయకూడదు కాబట్టి వేప కొమ్మ నీడ గోడ మీదికి వచ్చేదాకా ఊరికే కూర్చుంటాను. బందు ఉన్న రోజు ఆ మాత్రం పని కూడా ఉండదు. పొద్దున జొన్నరొట్టె నేనే చేసుకుంటున్నాను. ఒక్కనికని ఎంత తగ్గించి వండినా కూర మిగిలిపోతూనే ఉంది. నా ఎస్తేరు ఉన్నప్పటి ఇద్దరి కొలత చేతికి ఇంకా పోలేదు. ఆమెను మట్టి చేసిన తర్వాత నేను వీర్నపల్లి విడిచి వస్తుంటే నీవు బస్సు కిటికీ పట్టుకొని నడిచావు. ఆ కిటికీ ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తుకు వస్తుంది. అయినా ఇవన్నీ వ్రాసి నిన్ను బాధపెట్టను. వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను.

ఇక్కడ నాతో మాట్లాడే మనిషి ఒకరుండేవారు. పేరు సూర్యనారాయణ గారు. తెనాలి వైపు నుంచి వచ్చి తహసీలు కచేరీలో గుమాస్తాగా పని చేస్తున్నారు. పెళ్లి కాలేదు. మన కొట్టు వెనుక సందులో గౌండ్ల రాజవ్వ ఇంట్లో ఒక గది తీసుకొని ఉన్నారు. ఆయన నల్ల బూట్లకు వారానికి ఒకసారి పాలిష్ చేస్తే సరిపోతుంది. కానీ ఆయన రోజూ సాయంత్రం వచ్చి ముక్కాలి పీట మీద కూర్చునేవారు. ఎదుటి హోటలు నుంచి రెండు చాయలు తెప్పించేవారు. ఆయన వాళ్ల ఊరి కాలువ గురించి చెబితే, నేను మన మానేరు గురించి చెప్పేవాణ్ణి. ఒక్కొక్క రోజు ఇద్దరమూ ఏమీ మాట్లాడుకునేవాళ్లం కాదు. ఆ రోజులు కూడా బాగానే ఉండేవి.

కిందటి నెలలో ఒక సాయంత్రం ఆయన నవ్వుకుంటూ వచ్చారు. “ఏవయ్యా దేవదానం, ఇంటి నుంచి కబురొచ్చింది. మళ్లీ పెళ్లిచూపులు. పిల్ల బళ్లో పంతులమ్మట. ఇదివరకు చూసినవాళ్లెవరికీ నా మొహం నచ్చలేదు. ఈసారి బూట్లన్నా నచ్చేట్టు చేసి పెట్టు.”

“పెండ్లిపిల్ల తల వంచుకొని కూసుంటది గద సార్. ముందుగాల కనబడేటివి బూట్లే,” అన్నాను.

ఆయన చాయ పొలమారేదాకా నవ్వారు. బూట్లు అద్దంలా చేసి ఇస్తానని మాట ఇచ్చాను. మరునాడు తీసుకొస్తానన్నారు.

మరునాడు కాగితంలో చుట్టి తెచ్చారు. కాగితం మీద నూనె మరక కనబడింది. విప్పి చూస్తే బూట్లు రెండూ ఆముదంలో మునిగి తేలినట్లున్నాయి. వేలు పెడితే వేలి గుర్తు నిలిచింది. ముక్కు దగ్గర గట్టిగా ఉండాల్సిన తోలు వంకాయ కూరలా మెత్తబడింది.

జరిగిందేమిటంటే, పెళ్లిచూపుల సంగతి రాజవ్వకు తెలిసింది. ఆమెకు సూర్యనారాయణ గారంటే కన్నకొడుకంత అభిమానం. కొడిమ్యాల వైపు కల్లు గీయడానికి తాళ్లెక్కే సొంత కొడుకు నెలకొకసారి వస్తాడు. రోజూ ఎదురుగా తిరిగేది ఈయనే. మన వైపు కొత్త చెప్పులు కొనగానే ఆముదం పట్టించి ఒక రాత్రి ఉంచుతాం కదా, కాలు కరవకుండా. ఆమె కూడా అదే చేసింది. సారు నిద్రపోతుంటే ఆయన బూట్లకు లోపలా బయటా ప్రేమగా ఆముదం పట్టించింది. మన మోటు చెప్పుల తోలుకు అది మందు. కానీ పైన నున్నగా తీర్చిన బూటు తోలుకు నూనె పడితే మైనం పట్టదు. మైనం పట్టకపోతే మెరుపు రాదు.

కాసేపటికి ఆమె కూడా వచ్చింది. మన కొట్టు గడపకు ఇవతలికి ఆమె ఎప్పుడూ వచ్చేది కాదు. ఆ రోజు కూడా ఎండలోనే నిలబడింది.

“నేనేమన్న ఇసం పెట్టిన్నా దేవదానం? గా తోలు ఎండుకపోయి కట్టెలెక్క ఉండె. మెత్తగైతదని పెట్టిన. సారు మొకం చూస్తే పానం పోయినట్టున్నది. ఖరాబైనయా?”

“ఖరాబు కాలేదవ్వా. జర టైం పడ్తది, గంతే.”

“మరి గాయిన నాతోని మాట్లాడుతలేడు.”

సూర్యనారాయణ గారు తల ఎత్తి, “మాట్లాడకేం అవ్వా, ఈసారి పిల్ల కాళ్లు జారకుండా ఆ బూట్ల కింద బూడిద చల్లమని చెబుదామనుకుంటున్నా,” అన్నారు. ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుకుంటూ పోయింది.

అక్కా, బోలారం కంటోన్మెంటులో యాకూబ్ ఉస్తాదు దగ్గర నేను నేర్చుకున్న పని అంతా ఈ ఒక్క జతకే అవసరమయింది. ముందుగా పొడి గుడ్డతో పైన ఉన్న నూనెంతా అద్ది తీశాను. రుద్దితే లోపలికి పోతుంది కాబట్టి రుద్దలేదు. తర్వాత సుద్దపొడి చల్లి, కాగితం చుట్టి, నీడలో పెట్టాను. బడులు మూసి ఉన్నందున మా వాడకట్టు పంతులు గారు సుద్దముక్కలు సంచిలో పోసి ఇచ్చారు. పొద్దున విప్పి చూస్తే పొడి పసుపుపచ్చగా మారి ఉండేది. కుంచెతో దులిపి మళ్లీ కొత్త పొడి చల్లేవాణ్ణి. ఎండలో పెడితే త్వరగా ఆరుతుందని చూసినవాళ్లందరూ సలహా ఇచ్చారు. ఎండలో పెడితే నూనె ఇంకా లోపలికి దిగి, తోలు బీటలు వారుతుంది. అందరికీ అదే చెప్పాను. పొడి తెల్లగానే మిగిలే రోజు దాకా ఓపిక పట్టాను.

ఈలోగా పాలిష్ డబ్బాలు అయిపోయాయి. హైదరాబాదు నుంచి సరుకు రావడం లేదు. కోరుట్ల అంగడి నుంచి ఒకతను తేనెమైనం తెచ్చి ఇస్తే, వేడినీళ్ల గిన్నెలో డబ్బా పెట్టి కరిగించి, పొయ్యికి దూరంగా తీసుకుపోయి టర్పెంటు, దీపం మసి కలిపి నేనే చేసుకున్నాను. వేలికి గుడ్డ చుట్టి, గోరంత మైనం తీసుకొని, చిన్న చిన్న చుట్లు తిప్పుతూ పూయాలి. ఎక్కువ పూస్తే త్వరగా మెరుస్తుందనుకుంటారు. ఎక్కువైతే మెరవదు, పొరలుగా లేచిపోతుంది. ఒక పూత ఆరిన తర్వాత గుడ్డకు ఒక్క నీటి చుక్క అద్ది ఇంకొక పూత. మొదట తోలు మొండికేసింది. ఆ తర్వాత ఒక పొద్దున ఎడమ బూటు ముక్కు మీద కొట్టు రేకు సందులోని వెలుతురు గీతలా కనబడింది. నవ్వు వచ్చి పక్కకు చూశాను. చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

ఎందుకంటే అప్పటికే సూర్యనారాయణ గారు రావడం తగ్గించారు. ఊళ్లో ఊరేగింపులు పెరిగాయి. మన కొలువులు మనవాళ్లకే కావాలని పిల్లలు బడులు వదిలి రోడ్డెక్కారు. నేనూ ఒక రోజు వాళ్ల వెంట చౌరస్తా దాకా నడిచాను అక్కా. మన ప్రకాశం మెట్రిక్ పాసై ఇంట్లో కూర్చున్న సంగతి నాకు తెలియదా? వాళ్లడిగేది న్యాయం. అది అన్యాయమని సూర్యనారాయణ గారు కూడా ఎప్పుడూ అనలేదు. కానీ నడిచి తిరిగి వచ్చిన సాయంత్రం ముక్కాలి పీట ఖాళీగా కనబడితే మాత్రం ఇంకోలా అనిపించింది. కచేరీ గోడ మీద గైర్ముల్కీలు, అంటే బయటివాళ్లు, పోవాలని ఎవరో బొగ్గుతో వ్రాశారు. దాని ముందు నుంచి రోజూ నడిచి లోపలికి పోయే మనిషి ఎలా ఉంటాడో ఆలోచించాను. నేను కూడా ఈ ఊరికి బయటివాణ్ణే కదా.

మా ఉస్తాదు దగ్గర ఒక పద్ధతి ఉంది. ఆఖరి పూత పూసి అలాగే వదిలేస్తాం, మెరుగు పెట్టం. దాని మీద పొగమంచులా ఒక తెల్లని పొర కడుతుంది. బూటు మనిషి కాలికి ఎక్కి, ముడతలు విచ్చుకున్న తర్వాతే ఆ పొరను గుడ్డతో లాగి మెరుగు పెట్టాలి. ఖాళీ బూటుకు మెరుగు పెడితే మొదటి అడుగుకే ముడతల్లో మైనం పగులుతుంది. అందుకని ఆయన బూట్లకు ఆఖరి పూత పూసి, గుడ్డ కప్పి పెట్టాను. ఇక ఆయన రావాలి, పీట మీద కూర్చోవాలి, కాలు చాచాలి. అంతే మిగిలింది. రోజులు గడిచాయి గానీ ఆయన రాలేదు.

కిందటి మంగళవారం పొద్దున రాజవ్వ పరుగెత్తుకుంటూ వచ్చింది. గడప దాటి లోపలికి వచ్చేసింది.

“సారు పోతున్నడు దేవదానం! ఆఫీసర్లు సెలవు పెట్టి ఊరికి పొమ్మన్నరట. గా పెద్దపల్లి పొయ్యే బీడీ ఆకు లారీ ఎక్కుతున్నడు. చెప్పులేసుకొనే పోతున్నడు!”

గుడ్డతో సహా బూట్లు పట్టుకొని బయలుదేరాను. ఆమె నా వెనుకే వచ్చింది. చౌరస్తా దగ్గర పిల్లలు రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టారు. లారీ ఆగి ఉంది. ఆకు కట్టల మీద సూర్యనారాయణ గారు పెట్టె ఒడిలో పెట్టుకొని కూర్చున్నారు. కాళ్లకు కోరుట్ల అంగట్లో కొన్న మోటు చెప్పులున్నాయి. నన్ను చూసి దిగబోయారు. దిగవద్దని సైగ చేసి, లారీ వెనుక పలక మీద గుడ్డ పరిచాను. “కాలు పెట్టండి సార్,” అన్నాను. ఆయన చెప్పులు విడిచి, బూట్లు తొడుక్కొని, పలక మీద కాలు పెట్టారు.

పిల్లలు చుట్టూ మూగారు. వాళ్ల నాయకుడు మల్లేశం నా కొట్టు దగ్గర చెప్పులు కుట్టించుకునేవాడే. “ఏం దేవదానం, మొన్న మాతోని నడిస్తివి. ఇయ్యాల గైర్ముల్కీ సారుకు గులాంగిరి చేస్తున్నవా?” అన్నాడు.

“బూట్లు తుడుస్తున్న.”

“పోతున్నోనికి తుడుసుడెందుకు?”

“పోతున్నడు కాబట్టే. ఆడ రైలు దిగంగనే జగిత్యాల నుంచి అచ్చిండంటరు. గీ తెల్లటి పొరతోని దిగితే పేరు ఎవలకు పోతది? నాకు, నీకు, గీ ఊరికి.”

ఇంకొకడు వెనుక నుంచి, “పెండ్లి సూపులకట రా, రాజవ్వ చెప్పింది,” అన్నాడు. ఎవరో ఈల వేశారు. మల్లేశం నవ్వు ఆపుకోలేకపోయాడు. “మరి ముందుగాల్నే చెప్పొద్దా! జల్ది కానియ్. రెండో కాలు గూడ సక్కగ తుడువు,” అని రాళ్లు తీయించడానికి పోయాడు.

అంతమంది మధ్యలో, లారీ ఇంజను ఊగుతుంటే, రెండు కాళ్లకూ మెరుగు పెట్టాను. తొందరపడలేదు. తొందరపడితే గీత పడుతుంది. ఆముదం తాగిన ఆ తోలు చివరికి నా మాట విన్నది అక్కా. ముక్కుల మీద ఆకాశం కనబడింది. సూర్యనారాయణ గారు ఆ మోటు చెప్పులు నా చేతిలో పెట్టారు. “కుడిదానికి తోలు వారు తెగేట్టుంది. కుట్టి ఉంచు. వచ్చి తీసుకుంటాను,” అన్నారు. వారు తెగేట్టు లేదు. నేను ఆ సంగతి చెప్పలేదు. “అట్లనే సార్,” అన్నాను. రాజవ్వ పలకకు చేతులానించి, “పిల్ల నచ్చకున్నా సరే, నువ్వయితే రా బిడ్డా,” అంది. లారీ కదిలింది.

ఆయన నుంచి ఇంకా కబురు లేదు. బహుశా అక్కడికే బదిలీ చేయించుకుంటారేమో. రావాలంటే ఊరు చల్లబడాలి, కచేరీ తెరవాలి, ఆయనకు మనసు రావాలి. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా ఆ రోజే చెప్పుల వారుకు కొత్త కుట్టు వేసి మేకుకు తగిలించాను. సాయంత్రం హోటలు పిల్లవాడు అలవాటు కొద్దీ రెండు చాయలు తెచ్చాడు. ఒకటి చల్లారిపోయింది.

నిన్న రాజవ్వ వచ్చింది. ఈసారి ఎండలో నిలబడలేదు. లోపలికి వచ్చి ఆ ముక్కాలి పీట మీదనే కూర్చుంది. రెండో చాయ ఆమెకు ఇచ్చాను. తాగింది. మేకుకున్న చెప్పుల వైపు చూసి అడిగింది.

“వీటికన్న ఆముదం పెట్టొచ్చా?”

“వీటికి పెట్టొచ్చవ్వా. వీటికి మంచిదే.”

“మల్ల వస్తడంటవా?”

“వచ్చేదాక తోలు ఎండకుంట చూద్దాం,” అన్నాను.

వారానికొకసారి తానే వచ్చి పట్టిస్తానంది. ఆమె ఇంట్లో ఉన్న ఆముదమంతా మొన్న బూట్లకే అయిపోయిందట. ఆ మాట తానే చెప్పి తానే నవ్వింది.

అందుకే అక్కా, ఇప్పుడే దుకాణం ఎత్తేసి రాలేను. నీ మాట కాదన్నానని అనుకోకు. నీ గంజి నాకు పరమాన్నమే. వానలు పడి బస్సులు సరిగా నడిస్తే తప్పకుండా వచ్చి నాలుగు రోజులు నీ దగ్గర ఉంటాను. కానీ ఒక మనిషి తన చెప్పులు కుట్టి ఉంచమని నాకిచ్చి పోయాడు. ఆయన వచ్చిన రోజు ఈ కొట్టు మూసి ఉండకూడదు. నేను క్షేమంగానే ఉన్నాను. నిజంగానే క్షేమంగా ఉన్నాను.

బావకు నా వందనాలు. ప్రకాశాన్ని దిగులుపడవద్దని, చేతిరాత విడవవద్దని చెప్పు. మన వాడకట్టు పెద్దలందరినీ పేరుపేరునా అడిగానని చెప్పు. ఎస్తేరు సమాధి దగ్గర ముళ్లకంప పెరిగితే బావతో తీయించు. నీ చేయి నా తల మీద ఉన్నట్లే తలచుకొని ఈ ఉత్తరం ముగిస్తున్నాను.

నీ దీవెనలు కోరే తమ్ముడు,
దేవదానం.

మరచిపోయాను. ఆముదం సీసా మూతకు గట్టిగా గుడ్డ చుట్టి పంపు. అందగానే రాజవ్వ చేతికే ఇస్తాను.